చిప్ కొనేముందు లెక్క కట్టండి

ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం పిల్లలు మేజర్ ప్రాజెక్టు మొదలుపెట్టే రోజుల్లో మా వర్క్‌షాప్‌కు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న: "సార్, ఏ బోర్డు కొనమంటారు?" సెకనుకు ఎన్ని కొలతలు తీయాలమ్మా, ఒక్కో కొలత మీద ఎన్ని గుణకారాలు చేయాలి, జవాబు ఎంతలోపు రావాలి అని తిరిగి అడిగితే అవతల మాట ఉండదు. పిల్లలు తెలివైనవాళ్లే. చెబితే పది నిమిషాల్లో పట్టుకుంటారు. ఆ ప్రశ్నలు వేసుకోవాలని నాలుగేళ్లలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మేం చర్లపల్లి పారిశ్రామికవాడలో బోరు మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్లు తయారుచేస్తాం. మోటారులోకి వెళ్లే కరెంటునూ వోల్టేజీనీ ఎడతెగకుండా కొలుస్తూ, వైండింగ్ కాలకముందే మోటారును ఆపడం ఆ ప్యానెల్ పని. పైనుంచి చూస్తే ఇనప డబ్బా, కాంటాక్టరు, రెండు బటన్లు. లోపల జరిగేదంతా గణితం. ఆ గణితం చేసే చిప్ వేగంగా ఉండాలి, చవకగా ఉండాలి, ఎందుకంటే ప్యానెల్‌కు డబ్బు కట్టేది రైతు. అలాంటి చిప్‌ను ఎంచుకోవడం కాగితం మీద పెన్నుతో మొదలుకావాలని నా గట్టి అభిప్రాయం. బజారుకు వెళ్లడం, ధరలు అడగడం తర్వాతి పని. మన కాలేజీలు ఈ వరుసను తలకిందులుగా నేర్పుతున్నాయి, లేదా అసలు నేర్పడమే లేదు.

మోటారును కాపాడటానికి అంత గణితం ఎందుకని అడగొచ్చు. మూడు ఫేజుల మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోయిందనుకోండి. ఆ కొసన వోల్టేజీ సున్నా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అవ్వదు. తిరుగుతున్న మోటారు తానే ఆ కొసన వోల్టేజీ పుట్టిస్తుంది. వోల్టేజీ ఒక్కటే చూసే సాదా రిలే మూడు ఫేజులూ ఉన్నాయనే నమ్ముతుంది. ఈలోపు మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.73 రెట్లకు పెరిగి వైండింగ్ మాడిపోతుంది. ఆ తర్వాత రైతు పడే బాధ మన ఊళ్లలో అందరికీ తెలుసు. బోరులోంచి మోటారు పైకి లాగించాలి, ట్రాలీలో వేసుకుని రీవైండింగ్ షాపుకు పోవాలి, అక్కడ అప్పటికే వరుసలో ఉన్న మోటార్ల వెనక తనది పెట్టి, పొలం ఎండుతుంటే ఎదురుచూడాలి. దీన్ని ముందే పట్టుకోవాలంటే మూడు కరెంట్లూ ఎంతెంత ఉన్నాయో, వాటి మధ్య కోణాలు ఎలా ఉన్నాయో కలిపి లెక్కించి, నెగటివ్ సీక్వెన్స్ అనే భాగాన్ని బయటికి తీయాలి. మూడూ సమంగా ఉంటే అది సున్నా. ఒక ఫేజు పోతే అమాంతం పెరుగుతుంది. దీనికి కోణాలతో కూడిన గుణకారాలు కావాలి. సాదా రిలే చేయలేనిదీ, మైక్రోకంట్రోలర్ చేయగలిగినదీ ఇదే.

ఇక కాగితం తీద్దాం. మూడు కరెంట్లు, మూడు వోల్టేజీలు, మొత్తం ఆరు దారులు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక ఆవృతికి 20 మిల్లీసెకన్లు. ఒక్కో ఆవృతిలో 64 శాంపిళ్లు తీస్తే సెకనుకు 3,200. ఆరు దారులకూ కలిపి 19,200. ఆ శాంపిళ్లలో 50 హెర్ట్జ్ ఎంత ఉందో, దానితోపాటు 100, 150, 250, 350 ఎంతెంత కలిశాయో చూడాలి. ఆ పై పౌనఃపున్యాలు ఎక్కువైతే మోటారు ఊరికే వేడెక్కుతుంది. ఐదు పౌనఃపున్యాలు గనక 19,200ను ఐదుతో గుణిస్తే 96,000. ఒక తరంగంలో ఒక్క పౌనఃపున్యం వాటా ఎంతో తేల్చడానికి 1958లో గెరాల్డ్ గోర్ట్‌జెల్ ఒక తేలిక పద్ధతి చెప్పాడు. నొక్కిన ఫోన్ బటన్ ఏదో మోతను బట్టి గుర్తుపట్టడానికి ఎక్కువగా వాడిన పద్ధతి ఇదే. ఒక్కో శాంపిల్‌కు ఒక గుణకారం, ఒక కూడిక, ఒక తీసివేత చాలు. అంటే మన చిప్ ఈ చిన్న పనిని సెకనుకు 96,000 సార్లు చేయగలగాలి. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే బజారులో సగం బోర్డులు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఆర్డ్యునో ఊనో ఆర్3నే తీసుకోండి. దాని మీద ఉండేది ఏటీమెగా328పీ అనే 8 బిట్ల చిప్, 16 మెగాహెర్ట్జ్. సెకనుకు 1.6 కోట్ల క్లాక్ సైకిళ్లు. ఎనిమిది బిట్ల గుణకారానికి దానిలో సర్క్యూట్ ఉంది. దశాంశ సంఖ్యలకు లేదు. వాటిని సాఫ్ట్‌వేర్ ముక్కలు ముక్కలుగా చేయాలి కాబట్టి ఒక్కో గుణకారానికీ కూడికకూ వంద సైకిళ్ల పైనే పడుతుంది. మూడు పనులకు మూడు వందలు వేసుకుందాం. 96,000ను 300తో గుణిస్తే 2.88 కోట్లు. ఉన్నవి 1.6 కోట్లు. దశాంశాలతో ఈ పని ఊనో మీద కాదని ఇక్కడే తేలిపోయింది. పైగా పూర్తి కచ్చితత్వం కావాలంటే, వోల్టేజీని అంకెగా మార్చే దాని ఏడీసీ సెకనుకు 15 వేల శాంపిళ్ల వరకే ఇస్తుందని డేటాషీటే చెబుతోంది. మనకు కావలసినవి 19,200. రూపాయి ఖర్చు పెట్టకుండా, ఒక్క తీగ కలపకుండా తెలిసిన సంగతి ఇది. ఊనో మంచి బోర్డు. వేలమంది పిల్లలకు భయం పోగొట్టింది, తొలి దీపం వెలిగించడానికి, తొలి సెన్సర్ చదవడానికి ఈరోజుకీ నేను దాన్నే చేతికిస్తాను. దాని హద్దు ఎక్కడుందో తెలియకుండా మోటారు ప్రాజెక్టుకూ గుండె చప్పుడు ప్రాజెక్టుకూ దాన్నే తగిలించడం మీదే నా అభ్యంతరం.

చాలా కాలేజీల మైక్రోప్రాసెసర్లు, మైక్రోకంట్రోలర్ల (ఎంపీఎంసీ) ల్యాబుల్లో ఈనాటికీ పిల్లల చేతికి ముందుగా అందేది 8051. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. దాని 12 మెగాహెర్ట్జ్ క్లాకులో ఒక మెషిన్ సైకిల్ ఒక మైక్రోసెకను. రెండు 8 బిట్ల అంకెల గుణకారానికి నాలుగు మైక్రోసెకన్లు. రెండు 32 బిట్ల అంకెల్ని గుణించాలంటే అలాంటి గుణకారాలు 16 కావాలి, అంటే కూడికలు వదిలేసినా 64 మైక్రోసెకన్లు. అదే గుణకారాన్ని, ఫలితాన్ని 64 బిట్ల మొత్తానికి కలపడంతో సహా, 100 మెగాహెర్ట్జ్‌లో నడిచే కార్టెక్స్-ఎం4 ఒక్క సైకిల్‌లో ముగిస్తుంది. మైక్రోసెకనులో వందో వంతు. తేడా 6,400 రెట్లు. ఆర్మ్ కంపెనీ ఎం4ను 2010లో ప్రకటించింది. ఆ కోర్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్411 చిప్‌తో బ్లాక్‌పిల్ అనే చిన్న బోర్డు ఇప్పుడు ఐదు వందల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. 8051 చరిత్ర తెలుసుకోవాల్సిందే. ఇప్పుడు పిల్లలు ఉద్యోగంలో పట్టుకోబోయే చిప్ లోపల ఏముందో కూడా అదే ల్యాబులో తెలియాలి కదా.

గుణించి కలపడం అనే ఈ జంట పని మీద కాస్త ఆగుతాను, సిగ్నల్ ప్రాసెసింగ్ మొత్తం దాని మీదే నిలబడింది. ఫిల్టర్ అన్నా, పౌనఃపున్యాల విశ్లేషణ అన్నా, ఆర్ఎంఎస్ విలువ అన్నా, శాంపిల్‌ను ఒక అంకెతో గుణించడం, మొత్తానికి కలపడం, మళ్లీ గుణించడం, మళ్లీ కలపడం. అందుకే డేటాషీట్ తెరిస్తే నేను మెగాహెర్ట్జ్ కంటే ముందు వెతికేది ఈ జంట పనిని చిప్ ఎన్ని సైకిళ్లలో చేస్తుందనే. మెగాహెర్ట్జ్ ఒక్కటే చూసి చిప్ కొనడం కొమ్ములు చూసి ఎద్దును కొనడం లాంటిది. సీహెచ్32వీ003 అని చైనా చిప్ ఒకటుంది. 48 మెగాహెర్ట్జ్, పెద్ద మొత్తంలో కొంటే పది అమెరికన్ సెంట్ల ప్రాంతంలో వస్తుంది. ఆ ధరకు అది గొప్ప చిప్. రిలేలు, దీపాలు, బటన్లు చూసుకోవడానికి నేను సంతోషంగా వాడతాను. కానీ దానిలో గుణకారానికి ఆదేశమే లేదు. ప్రతి గుణకారాన్నీ కూడికలుగా, బిట్లను పక్కకు జరపడాలుగా విడగొట్టి చేయాలి. ర్యామ్ రెండు కిలోబైట్లు. తరంగాల లెక్కలకు దాన్ని పెట్టుకుంటే మిగిలిన రూపాయలన్నీ ఇంజినీరు జీతంలో పోతాయి.

ఎం4 బోర్డు కొన్నాక కూడా పిల్లలు ఒకచోట తరచూ పడిపోతారు. ఆ చిప్‌లో దశాంశాలకు ప్రత్యేక యూనిట్ ఉంది, కానీ అది 32 బిట్ల ఫ్లోట్‌కు మాత్రమే. 64 బిట్ల డబుల్ వస్తే మళ్లీ సాఫ్ట్‌వేరే దిక్కు. సీ భాషలో 0.5 అని రాస్తే కంపైలర్ దాన్ని డబుల్ అనుకుంటుంది. పక్కన ఎఫ్ అక్షరం చేరిస్తేనే ఫ్లోట్. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే ఒకటి రెండు సైకిళ్లలో అయ్యే గుణకారం పదుల సైకిళ్లకు పోతుంది. కోడ్ తప్పు చూపించదు, జవాబు సరిగ్గానే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. నల్లగొండ వైపు కాలేజీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, "సార్, ఈ చిప్ చెప్పినంత వేగంగా లేదు, ఇంకా పెద్దది కొనాలా?" అని అడిగింది. కోడ్ తెరిచి చూస్తే ఫిల్టర్ గుణకాలన్నీ ఎఫ్ లేకుండా ఉన్నాయి. "చిప్ మార్చకమ్మా, ఈ అంకెల చివర అక్షరం చేర్చు" అన్నాను. చేర్చింది, పని సమయానికి అయిపోయింది. ఆ అమ్మాయికి మూడు రెట్ల ధర బోర్డు కొనే అవసరం తప్పింది. ఇది పాఠంలో ఉండాల్సిన విషయం. ఎవరో ఒకరి వర్క్‌షాప్‌లో అదృష్టవశాత్తూ తెలియాల్సింది కాదు.

ఫ్లోట్ ఉంటే అన్నీ సుఖమే అనుకోవడమూ ప్రమాదమే. 32 బిట్ల ఫ్లోట్ 1,67,77,216 వరకే ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలదు. ఆ తర్వాత ఒకటి కలిపినా మొత్తం కదలదు. యూనిట్లు లెక్కించే మీటర్ కోడ్‌లో చిన్న చిన్న ముక్కలను రోజుల తరబడి ఫ్లోట్‌లో కూడుతూ పోతే ఒక స్థాయి దగ్గర అంకె ఆగిపోతుంది. కరెంటు కాలుతూనే ఉంటుంది, మీటర్ కదలదు. అక్కడ 64 బిట్ల పూర్ణాంకం వాడాలి. ఫిక్స్‌డ్ పాయింట్ అనే పాత విద్య ఇందుకే నేర్పాలంటాను. మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి మధ్య విలువలను మైనస్ 32,768 నుంచి 32,767 వరకు ఉన్న పూర్ణాంకాలుగా రాసుకుని అంతా పూర్ణాంకాలతోనే నడపడం. దశాంశాల యూనిట్ లేని చవక చిప్ కూడా ఇలా రాస్తే పరుగెడుతుంది. మన 96,000 పనులను 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎం32ఎఫ్103 మీద పూర్ణాంకాలతో రాస్తే చిప్‌కు అది బరువే కాదు. జాగ్రత్త ఒక్కటే: 32,767కు ఒకటి కలిపితే అది మైనస్ 32,768 అయి కూర్చుంటుంది. మోటారు కరెంటు గరిష్ఠానికి చేరిన క్షణంలోనే ప్యానెల్‌కు అది తలకిందులుగా కనిపిస్తుంది. కలిపేటప్పుడే అంచు దగ్గర ఆపే ఆదేశాలు ఎం4లో ఉన్నాయి, ఎఫ్103లో ఉండే ఎం3 కోర్‌లో ఆ పనిని మనం విడిగా చేసుకోవాలి. మైక్రోచిప్ కంపెనీ డీఎస్‌పిక్ చిప్‌లలో ఇందుకోసమే 40 బిట్ల అక్యుములేటర్లు రెండు పెట్టారు. 16 బిట్ల అంకెల లబ్ధం 32 బిట్లు, మిగిలిన ఎనిమిది బిట్లు పొంగకుండా కాపు. 256 లబ్ధాలు కలిపినా పొంగదు. ఎంత ముందుచూపున్న ఏర్పాటో చూడండి. పైగా అవి బ్రెడ్‌బోర్డులో గుచ్చుకునే 28 కాళ్ల రూపంలో దొరుకుతాయి. పరిచయమైన బోర్డుల హోరులో పిల్లలకు వాటి పేరే తెలియడం లేదు.

వేగం తర్వాత అందరూ మరిచిపోయేది ర్యామ్. మోటారు రోటర్‌లో కడ్డీ విరిగితే కరెంటులో 50కి అటూ ఇటూ చిన్న చిన్న పక్క పౌనఃపున్యాలు కనిపిస్తాయి. రోటర్ వెనకబాటు, అంటే స్లిప్, రెండు శాతం ఉంటే అవి 48, 52 దగ్గర వస్తాయి. లోడు తగ్గితే స్లిప్ తగ్గి అవి 50కి ఇంకా దగ్గరగా జరుగుతాయి. 50 దగ్గరున్న పెద్ద శిఖరం పక్కన ఈ చిన్నవాటిని విడదీసి చూడాలంటే ఎక్కువసేపు వినాలి. సెకనుకు 1,024 శాంపిళ్ల చొప్పున నాలుగు సెకన్లు తీస్తే 4,096 శాంపిళ్లు, పావు హెర్ట్జ్ తేడా తెలుస్తుంది. వీటి మీద ఫోరియర్ విశ్లేషణ నేరుగా చేస్తే 1.68 కోట్ల గుణకారాలు. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఎఫ్ఎఫ్‌టీ పద్ధతిలో 24,576 చిన్న అడుగులతో అయిపోతుంది. ఎం4కు పది మిల్లీసెకన్లకు అటూ ఇటూ. కాలం సమస్య కాదు, చోటు సమస్య. 4,096 ఫ్లోట్లకు 16 కిలోబైట్లు, సంకీర్ణ సంఖ్యలుగా ఉంచితే 32. ఊనోలో రెండు కిలోబైట్లే. ఎఫ్103లో 20. ఎఫ్411లో 128, కాబట్టి హాయిగా పడుతుంది. నా దృష్టిలో ఇది రైతుకు చాలా విలువైన పరీక్ష, మోటారు ఇంకా తిరుగుతుండగానే లోపం చెబుతుంది. దీన్ని చవక ప్యానెల్‌లోకి తేవడం ఇప్పుడు సాధ్యమే. లెక్క కట్టినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది.

ఏడీసీ దగ్గర మరో చిక్కు. వోల్టేజీ ఒకసారి, కరెంటు కాస్త ఆగి కొలిస్తే ఆ ఆలస్యం కోణంగా మారుతుంది. 50 హెర్ట్జ్‌లో ఒక మైక్రోసెకను అంటే 0.018 డిగ్రీలు. ఊనోలో మామూలు పద్ధతిలో ఒక్కో కొలతకు 104 మైక్రోసెకన్లు, అంటే 1.87 డిగ్రీలు. నిజమైన పవర్ ఫ్యాక్టర్ 0.80 ఉంటే మీకు 0.78 కనిపిస్తుంది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తినే తిరుగుతోందా అనేది మనం పవర్ ఫ్యాక్టర్‌ను బట్టే పట్టుకుంటాం కాబట్టి ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. ఎఫ్103లో రెండు ఏడీసీలు ఒకే క్షణంలో కొలవగలవు. ఈఎస్‌పీ32 అంటే పిల్లలకు ప్రాణం. 240 మెగాహెర్ట్జ్, రెండు కోర్లు, వైఫై, ఫ్లోట్ యూనిట్, అన్నీ ఉన్నాయి. కానీ తొలి ఈఎస్‌పీ32 ఏడీసీ గీత నేరుగా ఉండదు, వైఫై నడుస్తుంటే రెండో ఏడీసీని వాడనివ్వదు. ఫోన్‌కు సందేశం పంపడానికి అది బాగుంటుంది. కొలిచే చిప్ వేరు, మాట్లాడే చిప్ వేరు పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

రాస్‌బెర్రీ పై వాళ్లు 2021 జనవరిలో నాలుగు డాలర్లకు పికో తెచ్చారు, 2024 ఆగస్టులో ఐదు డాలర్లకు పికో 2. రెండోదానిలో 150 మెగాహెర్ట్జ్ కార్టెక్స్-ఎం33 కోర్లు రెండు, ఫ్లోట్ యూనిట్, సిగ్నల్ ఆదేశాలు, 520 కిలోబైట్ల ర్యామ్. గణితం విషయంలో ఆ ధరకు ఇంత ఇస్తారని పదేళ్ల క్రితం అనుకోలేదు. డాక్యుమెంట్లు కూడా చదివించేలా రాశారు. అయినా మన ఆరు దారుల పనికి అది నేరుగా ఒదగదు, బోర్డు మీద బయటికి తీసిన ఏడీసీ దారులు మూడే. ఎంసీపీ3208 లాంటి ఎనిమిది దారుల ఏడీసీని పక్కన పెడితే ఒదుగుతుంది, అప్పుడు దాని ధరనూ కలిపి చూడాలి.

ప్యానెల్ పని వదిలి మోటారును నడిపే డ్రైవ్ పనికి వస్తే లెక్క ఒక్కసారి బిగుస్తుంది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద వచ్చిన సోలార్ పంపుల్లో కంట్రోలర్ సోలార్ ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టాలి, మోటారు వేగాన్నీ మార్చాలి. వెక్టర్ కంట్రోల్ పద్ధతిలో నడిపితే, 10 కిలోహెర్ట్జ్‌లో స్విచింగ్ అయినప్పుడు, ప్రతి 100 మైక్రోసెకన్లకూ సైన్, కొసైన్, నాలుగైదు గుణకారాల వరుసలు, రెండు కంట్రోల్ లూపులు అయిపోవాలి. ఒక్కసారి ఆలస్యమైనా ట్రాన్సిస్టర్లకు ప్రమాదం. ఇక్కడ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీ2000 వరుస, ఎస్‌టీ వారి ఎస్‌టీఎం32జీ4 వరుస ముందుంటాయి. జీ4లో కార్డిక్ అనే ప్రత్యేక సర్క్యూట్ సైన్, కొసైన్‌లను కొన్ని పదుల సైకిళ్లలో ఇస్తుంది. ఆ కార్డిక్ పద్ధతిని జాక్ వోల్డర్ 1959లో బి-58 యుద్ధవిమానం దారి లెక్కల కోసం ప్రచురించాడు. గుణకారం ఖరీదైన రోజుల్లో జరపడం, కలపడం మాత్రమే వాడి కోణాలు లెక్కించాడు. ఇప్పుడది మన పంపు డబ్బాలోకి వచ్చింది. సీ2000 నేర్చుకోవడం కష్టం, ఆ వరుసలో చాలా చిప్‌లలో ఒక్క అక్షరం దాచుకోవడానికి కూడా 16 బిట్లు పడతాయి. కానీ డ్రైవ్ పని చేసేవాళ్లు ఆ కష్టం పడటంలో అర్థముంది. స్టార్టర్ ప్యానెల్ చేసేవాళ్లు దాన్ని కొంటే డబ్బు వృథా.

మన దేశంలో తయారైన చిప్ వాడొద్దా అని కొందరు కుర్రాళ్లు పట్టుదలగా అడుగుతారు. వాళ్ల పట్టుదల నాకు ఇష్టం. తిరువనంతపురం సీడాక్ వాళ్ల వేగా కోర్‌తో వచ్చిన తేజస్32 చిప్ 100 మెగాహెర్ట్జ్, 256 కిలోబైట్ల ర్యామ్. గుణకారం ఉంది, ఫ్లోట్ యూనిట్ లేదు. మన 96,000 లెక్కను దాని మీదా పెట్టి చూడండి. పూర్ణాంకాలతో రాయగలిగితే ఇది నెగ్గుతుంది, ర్యామ్ కూడా చాలినంత ఉంది. ఫిక్స్‌డ్ పాయింట్ నేర్చుకున్న విద్యార్థికే ఆ చిప్ పనికొస్తుంది. నేర్పకుండా దేశీయ చిప్ గురించి సభలు పెడితే బోర్డులు బీరువాల్లోనే ఉంటాయి.

ధర గురించి వ్యాపారిగా ఒకటి రెండు మాటలు. కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో బ్లూపిల్ పేరుతో వచ్చే బోర్డుల మీద నకలు చిప్‌లు ఉండటం ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. నేర్చుకోవడానికి పరవాలేదు. రైతు పొలంలో బిగించే వస్తువుకు మాత్రం అధీకృత డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఉన్న చిప్పే వాడాలి. రెండోది, 2021 చిప్‌ల కరువు. అప్పట్లో ఆర్డరు పెడితే ఏడాది దాటి ఇస్తామన్న చిప్‌లు ఉన్నాయి, చేతిలో డబ్బున్నా సరుకు లేదు. ఒకే కాళ్ల అమరికతో ఆ కుటుంబంలో మరో రెండు చిప్‌లు ఉన్నాయా అని అప్పటి నుంచి మొదటే చూస్తాం. కోడ్‌ను కూడా ఒక కంపెనీ లైబ్రరీకి కట్టేయకుండా, లెక్కల భాగాన్ని విడిగా సాదా సీలో రాస్తాం. చిప్ మారితే ఆ భాగం మారదు.

ఇప్పుడు కాలేజీల యాజమాన్యాలను, సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలను నేరుగా అడుగుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టులో బ్లాక్ డయాగ్రమ్‌కు ముందు ఒక పేజీ తప్పనిసరి చేయండి: సెకనుకు ఎన్ని శాంపిళ్లు, శాంపిల్‌కు ఎన్ని గుణకారాలు, ఎంత ర్యామ్, ఎంతలోపు జవాబు, ఎంచుకున్న చిప్ సామర్థ్యంలో ఈ పని ఎంత శాతం వాడుకుంటుంది. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టు ఆ పేజీ దగ్గర దొరికిపోతుంది. వైవాలో ఎగ్జామినర్ ఆ పేజీ నుంచే ప్రశ్నలు అడగాలి. శాంపిళ్లు రెట్టింపు చేస్తే ఈ చిప్ సరిపోతుందా అన్న ఒక్క ప్రశ్న చాలు, ప్రాజెక్టు ఎవరు చేశారో తెలిసిపోవడానికి.

ల్యాబు మార్చడానికి డబ్బు లేదనే మాట కూడా నిలవదు. ముప్పై బ్లాక్‌పిల్ బోర్డులు కొంటే పదిహేను వేల రూపాయల ప్రాంతం. ఆ చిప్‌లో యూఎస్‌బీ ద్వారా కోడ్ ఎక్కించే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది, విడిగా ప్రోగ్రామర్ అక్కర్లేదు. జీసీసీ కంపైలర్ ఉచితం, ఆర్మ్ వాళ్ల సిగ్నల్ ప్రాసెసింగ్ లైబ్రరీ సీఎంసిస్-డీఎస్‌పీ కూడా ఉచితం. ఓసిలోస్కోపులు ప్రతి ల్యాబులోనూ ఉన్నాయి. మొదటి ప్రయోగం ఇలా పెట్టండి: ఒక పిన్‌ను పైకి లేపాలి, వెయ్యి గుణకారాలు చేయాలి, పిన్‌ను కిందికి దించాలి. ఆ వెడల్పును ఓసిలోస్కోపు మీద కొలవాలి. ఒకసారి డబుల్‌తో, ఒకసారి ఫ్లోట్‌తో, ఒకసారి 16 బిట్ల పూర్ణాంకాలతో. మూడు కొలతలనూ పిల్లలు ముందుగా కాగితం మీద అంచనా వేసి, తర్వాత వచ్చిన విలువలను పక్కన రాసి, రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో రికార్డులో రాయాలి. రాబోయే సెమిస్టర్‌లోనే ఏ కాలేజీ మొదలుపెట్టినా, మొదటి బ్యాచ్‌కు మా ప్యానెల్ బోర్డు, పొలంలో నడుస్తున్న మోటార్ల నుంచి తీసిన కరెంటు శాంపిళ్లు ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.